రెండో టార్చి

2, సోమవారం

టార్చి ఆరిపోయింది. నిన్నటి సంగతికి కారణం అదొక్కటే.

ఇది ఎవరికీ చూపించడానికి రాసుకుంటున్నది కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాసుకోవచ్చు. పద్నాలుగు మీటర్ల లోతున మునిగిపోయిన పాత సరుకు ఓడ. దాని పక్కన గది తలుపంత కంత. మా ఆవిడ ముందు, నేను వెనక. ఇద్దరి చేతుల్లోనూ టార్చీలు. ఆవిడ కంతలోకి తల పెట్టింది. సరిగ్గా అప్పుడు నా టార్చి ఆరిపోయింది. చేతిలో వెలుగు లేనివాడు అలాంటి చోట ఉండకూడదని నియమం. నేను నియమం ప్రకారం పైకి వచ్చాను. కాస్త తొందరగా వచ్చాను.

ఆవిడ ఐదారు నిమిషాల తరవాత వచ్చింది. పడవ మీద తువ్వాలు అందించాను. తీసుకుంది. ఏమైందని అడగలేదు. నేనే చెప్పాను, టార్చి ఆరిపోయిందని.

"అలాగా" అంది.

పాతికేళ్ళ కాపురంలో ఆవిడ "అలాగా" అన్న సందర్భాలు నాకు బాగానే గుర్తున్నాయి. ఒక్కదాని తరవాత కూడా మంచి జరగలేదు.

మాకు డైవింగ్ నేర్పే కోచ్‌గారు మాత్రం నా మాట పట్టుకుని అందరికీ పాఠం చెప్పారు. ఇకమీదట ఓడ దగ్గరికి వచ్చే ప్రతివాళ్ళ జేబులోనూ చిన్నదో పెద్దదో రెండో టార్చి ఉండి తీరాలి. ఇరవై తొమ్మిదిన మళ్ళీ అదే ఓడ. నీళ్ళలో ఎవరిని ఎవరు కనిపెట్టుకుంటారో, అంటే ఎవరికి ఎవరు జోడీయో, ఇరవయ్యో తేదీలోగా రాసివ్వాలి.

3, మంగళవారం

పందొమ్మిదేళ్ళుగా లిఫ్టులు తనిఖీ చేస్తున్నవాణ్ణి. ఒకే తాడు మీద వేలాడే లిఫ్టును నేను ఒప్పుకోను. తాడుకి తోడు తాడు, బ్రేకుకి తోడు బ్రేకు ఉండాలి. అలాంటి నేను ఒంటి టార్చితో సముద్రంలో దిగానంటే తప్పు నాదే. తప్పంటే అంతవరకే.

కాబట్టి రెండో టార్చి ఆషామాషీగా కొనకూడదు. లిఫ్టుల ఫారం లాంటిదే టార్చీలకూ ఒకటి తయారు చేశాను. పదకొండు గడులు. వెలుగు ఎంత, ఎంతసేపు, ఎంత లోతు వరకు, బరువు, పొడవు, స్విచ్చి రకం, నీరు దూరకుండా ఉండే రబ్బరు రింగులు ఎన్ని, వగైరా.

మా ఆవిడ కోచ్‌గారిచ్చిన తన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించింది. వయసు, బరువు, రక్తం గ్రూపు, అన్నీ నింపింది. జోడీ అన్న గడి ఖాళీ.

ఇంతకుముందు ఆ గడి ఖాళీగా ఉన్నా కోచ్‌గారే నా పేరు రాసేసుకునేవారు. ఈసారి మనమే రాసివ్వాలట.

4, బుధవారం

ఖాళీ.

5, గురువారం

డైవింగ్ సామాన్ల షాపుకి వెళ్ళాను. నడిపేది ఒక పెద్దావిడ. కళ్ళజోడు గొలుసుకి వేలాడుతుంటుంది, చూడాల్సింది ఏదైనా ఉంటేనే పెట్టుకుంటుంది. నా ఫారం చూడటానికి పెట్టుకోలేదు.

"ఏ పనికి బాబూ?"

"రెండో టార్చి. మొదటిది ఆరిపోతే వాడటానికి. వెయ్యి ల్యూమెన్ల వెలుగైనా ఉండాలి కదండీ?"

"మూడొందలు చాలు. దారి చూసుకుని బయటికి రావడానికే కదా, అడుగున స్టేజీ నాటకం వేయడానికి కాదుగా."

"మరి నూట యాభై మీటర్ల లోతు దాకా పనిచేసేది..."

"మీరెంత లోతు వెళ్తారు?"

"పద్నాలుగు."

ఆవిడ నన్ను కాసేపు చూసి బల్ల మీద మూడు టార్చీలు పెట్టింది. ఒకటి నొక్కితే వెలిగేది, ఒకటి పక్కన అయస్కాంతం మీట జరిపితే వెలిగేది, ఒకటి తల తిప్పితే వెలిగేది. మూడూ జేబులో పట్టేవే. ఇంటికి పట్టుకెళ్ళి చూసుకుని నచ్చింది ఉంచుకోమంది.

"అన్నట్టు ఆ ఆరిపోయినదాన్ని తీసుకురండి. ఏమైందో చూస్తాను."

పారేశానని చెప్పాను. ఆఫీసు సంచిలో ఉంది. వాడనప్పుడు పారేసినట్టే.

8, ఆదివారం

టార్చిని చీకట్లో పరీక్షించాలి. పట్టపగలు చీకటి ఎక్కడ దొరుకుతుంది? పడగ్గదిలో బట్టల బీరువాలో కూర్చున్నాను. తగిలించిన ఆవిడ కోట్ల కింద, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, చేతులకి డైవింగ్ గ్లవ్స్ తొడుక్కుని. నీళ్ళలో వేళ్ళు మొద్దుబారతాయి కాబట్టి పరీక్ష కూడా అలాగే జరగాలి.

నొక్కేది: గ్లవ్ వేలికి బొత్తాం తగలడమే లేదు. మీటది: రెండుసార్లు వెలిగింది, మూడోసారి కాస్త గట్టిగా జరిపితే మిణుకుమిణుకుమనే గుర్తు లైటు అయింది, అది ఆపడం నాకు చేతకాలేదు. అదలా మిణుకుమంటుండగా బీరువా తలుపు తెరుచుకుంది. మా బావమరిది. డ్రిల్లింగ్ మిషను అడగడానికి వచ్చాడట.

"బావా! అక్క నిన్ను ఎప్పట్నుంచి ఇందులో పెడుతోంది?"

విషయం చెప్పాను.

"చీకట్లో పరీక్ష అంటున్నావు, మరి నేనొచ్చేసరికి తలుపు జానెడు తీసే ఉందేంటి?"

"గాలి కోసం రా."

"అంత వెలుతురొస్తుంటే టార్చి దేనికి బావా? అసలు ఆ పాతది ఎందుకారింది?"

"ఉప్పు పట్టింది."

"మొన్న ఫోన్‌లో బ్యాటరీ అన్నావు?"

"బ్యాటరీకే ఉప్పు పట్టింది."

డ్రిల్లింగ్ మిషను ఇచ్చి పంపించేశాను. వాడికి అప్పిస్తే తిరిగిరాదని తెలిసి కూడా ఇచ్చాను.

10, మంగళవారం

లిఫ్టుకి ఎంత బరువు రాసి ఉంటే అంతకన్నా పాతిక శాతం ఎక్కువ వేసి పరీక్షిస్తాం. టార్చికి బరువంటే నీటి ఒత్తిడి. ఇంట్లో ఒత్తిడి ఎక్కడుంది? లెక్క కట్టాను. విజిల్ వేయడానికి ముందు ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి సుమారు పది మీటర్ల లోతుతో సమానం. ఈ ఆలోచన నాకంటే ముందు ఎవరికీ రాకపోవడం వింతగా అనిపించింది.

ఇప్పుడు అనిపించడం లేదు.

బ్యాటరీ ముందే తీసేశాను. అంత తెలివితక్కువవాణ్ణి కాను. నొక్కే టార్చిని నీళ్ళలో వేసి, మూత బిగించి, పొయ్యి మీద పెట్టి, వాచీ పట్టుకుని నిలబడ్డాను. ఒత్తిడి సంగతి సరే, వేడి సంగతి ఫారంలో గడి లేదు. సరిగ్గా విజిల్ వచ్చిన వేళకి ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆవిడ అక్కడ ఎక్స్‌రేలు తీస్తుంది. మూతలున్నవాటి లోపల ఏముందో కనిపెట్టడం ఆవిడ వృత్తి.

మూత తీసి చూసింది. బొత్తాం కరిగి పక్కకి వాలిపోయింది. అద్దం పాలు పోసినట్టు తెల్లబడింది.

"ఏమండీ, ఇది ఎన్ని విజిల్స్‌కి ఉడుకుతుంది?"

ఓడ దగ్గర్నుంచి వచ్చాక ఆవిడ నాతో అన్న మొదటి పొడుగాటి వాక్యం ఇదే. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నవ్వుతుందేమోనని చూశాను. కుక్కర్ తోముకుని వెళ్ళిపోయింది.

12, గురువారం

ఖాళీ. పక్కనే దారానికి కట్టిన పెన్సిలు మాత్రం చెక్కి ఉంది.

13, శుక్రవారం

ఒక ఆఫీసు భవనంలో ఐదో అంతస్తుకీ ఆరో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆగిపోయిందని ఫోన్. లోపల ఒక్కరే, ఆ ఆఫీసుకి పెద్ద ఆఫీసరు. బయటికి తీసేసరికి చొక్కా చెమటతో ఒంటికి అతుక్కుపోయి ఉంది. టై జేబులో ఉంది.

"మీ లిఫ్టు పాడైంది. దానంతటదే ఆగింది" అన్నాడు, చుట్టూ తన కింద పనిచేసేవాళ్ళు నిలబడి ఉండగా.

లోపలికెళ్ళి చూశాను. ఆపే ఎర్ర బొత్తాం నొక్కి ఉంది. దాని మీద వేలి తడి కూడా ఆరలేదు. ఏం జరిగిందో చూడగానే తెలుస్తుంది. లైటు ఒక్కసారి మిణుక్కుమంది, మనిషి గాభరాపడి చేతికందింది నొక్కేశాడు.

ఇలాంటివి కనీసం ముప్పై చూశాను. ప్రతిసారీ కారణం గడిలో "ఎక్కిన మనిషి బొత్తాం నొక్కారు" అని రాశాను. ఒకసారి ఒకాయన కాళ్ళావేళ్ళా పడ్డా మార్చలేదు. యంత్రం మీద అబద్ధం చెప్పేవాళ్ళంటే నాకు పడదు.

ఈరోజు "కారణం తెలియలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆయన దణ్ణం పెట్టినంత పనిచేశాడు. నాకు మాత్రం మధ్యాహ్నం భోజనం సహించలేదు. ఎండ వల్ల అయి ఉంటుంది.

14, శనివారం

ఉడికిన టార్చికి క్షమాపణ చెప్పుకుని, మీటది తిరిగిచ్చేద్దామని షాపుకి వెళ్ళాను. సంచిలోంచి ఫారాలు తీస్తుంటే పాత టార్చి జారి బల్ల మీద దొర్లింది. పెద్దావిడ కళ్ళజోడు పెట్టుకుంది.

"ఇదేనా పారేసింది?"

నేను నోరు తెరిచేలోపు టార్చి తల తిప్పింది. వెలిగింది. షాపు పైకప్పు మీద అంత గుండ్రటి వెలుగు. ఆర్పింది, వెలిగించింది. విప్పి, రబ్బరు రింగు గోటితో తీసి, వెలుతురుకి పట్టి చూసింది.

"ఒక్క చుక్క లోపలికి పోలేదు. బ్యాటరీ సగానికి పైగా ఉంది."

"అప్పుడప్పుడూ వెలుగుతుందండీ."

"బాబూ, ముప్పై ఏళ్ళుగా ఈ షాపు నడుపుతున్నాను. సముద్రంలో ఆరిపోయిందని తెచ్చిన టార్చీల్లో సగం ఈ బల్ల మీదికి రాగానే వెలుగుతాయి. నేనేమంటాను, నీళ్ళ తేడా అంటాను."

కళ్ళజోడు తీసేసింది. ఇక చూడాల్సింది ఏమీ లేదన్నమాట.

15, ఆదివారం

నిదానంగా ఆలోచిస్తే, టార్చి పూర్తిగా ఆరిపోయిందనడం కొంచెం ఎక్కువ. వెలుగు బాగా తగ్గింది.

16, సోమవారం

తగ్గినట్టు అనిపించింది.

17, మంగళవారం

గడి నిండింది. పెన్సిలుతో, పొందికైన అక్షరాలతో: పళ్ళ డాక్టరు.

మా ఆవిడ ఆసుపత్రిలోనే పనిచేసే మనిషి, మాతోపాటే డైవింగుకి వస్తుంది. నేనూ ఎరుగుదును. నిదానస్తురాలు, మాటకి నిలబడుతుంది, ఎవరికీ చెడు తలపెట్టదు. తిట్టుకుందామంటే ఒక్క లోపం కనబడదు. అలాంటివాళ్ళతో ఇదే చిక్కు.

డ్రిల్లింగ్ మిషను తిరిగివ్వడానికి బావమరిది వచ్చాడు. అన్ని రోజులుండగా ఇవాళే ఇవ్వాలనిపించింది వాడికి. ఫ్రిజ్ మీద కాగితం చదివి ఈల వేశాడు.

"నిన్ను తీసేసిందా బావా? మా ఆఫీసులో ఒకడున్నాడు, పని చెడిన ప్రతిసారీ కంప్యూటర్ పాడైందంటాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు."

"నన్నంటున్నావా?"

"మా ఆఫీసువాణ్ణి అంటున్నాను."

"నా టార్చి నిజంగానే..."

"నేను టార్చి మాటే ఎత్తలేదు బావా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను కానని ఇన్నాళ్ళూ అనుకున్నాను.

18, బుధవారం

టార్చి ఆరిపోలేదు.

రాసి చూశాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

19, గురువారం

మధ్యాహ్నం సెలవు పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను. ఇంట్లో చెబుదామనుకుంటే నిన్న రెండుసార్లు నోటిదాకా వచ్చి, ఒకసారి కుళాయి కారుతోందని, ఒకసారి చెప్పులు అరిగాయని చెప్పాను.

ఎక్స్‌రే గది బయట బల్ల మీద పదకొండు మంది. నేను పన్నెండోవాణ్ణి. లోపల్నుంచి ఆవిడ గొంతు వినబడుతూనే ఉంది. "గట్టిగా పీల్చండి. బిగబట్టండి. కదలకండి. ఆ, వదిలేయండి." రోజంతా ఊళ్ళోవాళ్ళ ఊపిరి బిగబట్టించే మనిషి, నీళ్ళలో ఊపిరి బిగబట్టకూడదన్న పాఠం నాకంటే ముందు నేర్చుకుంది. నా వంతు వచ్చింది. వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాను.

"మీరేంటి ఇక్కడ? ఛాతీ నొప్పా?" అంది, గాభరాగా.

"కాదు. నీకొకటి చెప్పాలి. టార్చి ఆరిపోలేదు."

"తెలుసు."

"తెలుసా?"

"కిందనుంచి చూస్తూనే ఉన్నానండీ. చక్కగా వెలుగుతూ పైకి పోయింది. చేతిలోంచి జారిన బెలూన్ పోయినట్టు పోయింది. అంత దూరం పోయాక కూడా చుక్కలా కనబడుతూనే ఉంది. మంచి టార్చి అది."

ఈ పద్దెనిమిది రోజులూ నేను చేసిందంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది. బీరువా, కుక్కర్, పదకొండు గడులు. ఆవిడ అన్నీ చూస్తూ ఊరుకుంది.

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారేమోనని. ఎందుకు పోయారు?"

"భయమేసింది. నువ్వు ఆ కంతలో తల పెట్టగానే లోపలి చీకటి చూసి నాకు ఊపిరాడలేదు. నువ్వు ఉన్నావన్న సంగతే మర్చిపోయాను. అది తలుచుకుంటే సిగ్గేస్తుంది."

"రోజూ లిఫ్టుల గోతుల్లో తిరుగుతారు కదా, అక్కడ వేయదా?"

"వేస్తుంది. అందుకే కింద గోతిలో దిగే పని మా అసిస్టెంటుకి ఇస్తాను. పందొమ్మిదేళ్ళుగా."

ఈ ముక్క నేను ఎవరితోనూ అనలేదు. ఈ పుస్తకంలో కూడా రాసుకోలేదు. ఆవిడ కిరణాలు తగలకుండా వేసుకునే సీసపు ఏప్రన్ సర్దుకుంది. ముఖంలో ఏముందో నాకు అర్థం కాలేదు, ఎక్స్‌రేలు చదవడం నాకు రాదు.

"లేవండి. బయట జనం ఉన్నారు" అంది.

20, శుక్రవారం

పళ్ళ డాక్టరు మీద అడ్డగీత. దాని కింద, పెన్నుతో: మా ఆయన.

పొద్దున టీ తాగుతూ ఆవిడ షరతు పెట్టింది. "భయమేస్తే చెయ్యి ఊపి చెప్పాలి. నేను వస్తాను. మీరు మాత్రం పారిపోకూడదు." అరచెయ్యి బల్లపరుపుగా పెట్టి అటూఇటూ ఊపితే ఏదో బాగోలేదని గుర్తు. మొదటి రోజు క్లాసులోనే నేర్పారు. ఇంతవరకు ఎప్పుడూ వాడలేదు, మగాడు వాడేది కాదన్నట్టు. టీ కప్పు పక్కన పెట్టించి పదిసార్లు ఊపించింది.

పళ్ళ డాక్టరు ఏమీ అనుకోలేదట. కోచ్‌గారే ఆవిడకి జోడీ. నిజంగానే మంచి మనిషి.

21, శనివారం

షాపు. ఫారం ఇంట్లోనే వదిలేసి వెళ్ళాను. పెద్దావిడని ఒక్కటే అడిగాను.

"తిప్పితే వెలిగేది, చేతులు వణుకుతున్నప్పుడు కూడా తిరుగుతుందా?"

"వణికితే ఇంకా తొందరగా తిరుగుతుంది బాబూ. అదే ఉంచుకోండి."

జేబులో కొక్కానికి తగిలించుకునే చిన్నది. నా మధ్యవేలంత ఉంది. రెండు రబ్బరు రింగులు. మూడువందల ల్యూమెన్లు. పదహారు రోజుల క్రితం ఆవిడ చెప్పింది ఇదే అని నాకు గుర్తుచేయలేదు. చేయకపోయినా నాకు గుర్తుంది.

28, శనివారం

నిండా మునిగినవాడికి చలేమిటి అంటారు. రేపు చూడాలి.

29, ఆదివారం

సముద్రం ప్రశాంతంగా ఉంది. నేను లేను.

దిగాం. పది మీటర్లు, పన్నెండు, పద్నాలుగు. ఓడ. అదే కంత. ఈసారి ఆవిడ తల పెట్టలేదు, పక్కన ఆగి నావైపు తిరిగింది. నేను పెద్ద టార్చి లోపలికి కొట్టాను. తుప్పు పట్టిన మెట్లు, ఒక చేపల గుంపు, దాని వెనక ఏమీ లేదు. ఆ ఏమీ లేనిదాన్ని చూశాక కాళ్ళు వాటంతటవే పైకి తన్నబోయాయి. పైన వెలుతురు ఎంత దగ్గరగా ఉందో!

చెయ్యి ఊపాను.

ఒకసారి ఊపితే చాలు. నేను విసనకర్రలా ఊపుతూనే ఉన్నాను. ఆవిడ వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఇంకో చేత్తో తన ఛాతీ మీద నెమ్మదిగా చూపించింది, పీల్చండి, వదలండి. బిగబట్టండి అని మాత్రం అనలేదు. ఇద్దరం వెనక్కి తిరిగాం. జేబులో చిన్న టార్చి వెలగనే లేదు.

పైకి వచ్చే దారిలో ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. ఒంట్లో చేరిన గాలి మెల్లగా దిగడానికి. కిందటిసారి నేను ఆగలేదు, అసలు ఆ సంగతే గుర్తులేదు. ఇవాళ తాడు పట్టుకుని ఆవిడ పక్కన వేలాడాను. ఆవిడ వాచీ చూడలేదు. మూడు నిమిషాలూ నన్నే చూసింది.

పడవెక్కాక, పళ్ళ డాక్టరుతో మా వెనకే పైకొచ్చిన కోచ్‌గారు అడిగారు, ఇంత తొందరగా వచ్చేశారేమని. ఆవిడ "నా చెవి..." అని మొదలుపెట్టింది. నా పరువు కాపాడటానికి తన చెవి అడ్డం పెడుతోంది.

"చెవి కాదండీ. నాకు భయమేసింది" అన్నాను. అందరికీ వినబడేలా.

పళ్ళ డాక్టరు మాస్కు తీసి, "హమ్మయ్య, నాకొక్కదానికే అనుకున్నాను" అంది. కోచ్‌గారు గాలి సిలిండర్ల వైపు వెళ్ళారు. అప్పుడు మా ఆవిడ నాకు మాత్రమే వినబడేలా అంది.

"ఆ రోజు అక్కడ నేనొక్కదాన్నే ఆగాను. మూడు నిమిషాలు. అంత జోరుగా పైకి పోయిన మనిషి ఊపిరితిత్తులు ఏమవుతాయో ఫిల్ముల మీద చూశాను నేను. పడవ అడుగు వైపే చూస్తూ వేలాడాను, మీ కాళ్ళు కనబడతాయేమోనని. కనబడలేదు. పడవెక్కారో, మునిగిపోయారో తెలీదు. నేనూ తొందరపడి వచ్చేస్తే ఇద్దరం పోతాం. అందుకని ఆగాను. మీరు నన్ను వదిలేసి పోయారని కాదండీ నా కోపం. నేను అలా పైకొస్తే, మీరు తువ్వాలు అందించి టార్చి కబుర్లు చెప్పారు చూడండి. అదీ."

ఏడుపొచ్చింది. ఒళ్ళంతా ఉప్పునీళ్ళే కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఆవిడకి తెలిసింది.

"ఇంకెప్పుడూ చెప్పను" అన్నాను.

"చెప్పకపోతే ఎలా? చెప్పమనే కదా అంటున్నాను."

కోచ్‌గారు గంట తరవాత రెండోసారి దిగేవాళ్ళు చేతులెత్తమన్నారు. ఆవిడ వెంటనే ఎత్తింది. నీళ్ళలో పట్టుకున్న నా మణికట్టు ఇంకా వదల్లేదు, దాంతో నా చెయ్యి కూడా లేచింది.